పింగాణి నోరు

మా ఇంట్లో ఎవరి నోటి విషయమైనా ఆఖరి మాట మా మామగారిదే. ఆయన కట్టుడు పళ్ళు చేస్తారు. పళ్ళ డాక్టర్లు పళ్ళు పీకి, దవడ అచ్చు తీసి మాకు పంపుతారు. ఆ అచ్చుకి సరిపడా పళ్ళు కట్టి మేం వెనక్కి పంపుతాం. కింద వర్క్‌షాపు, పైన ఇల్లు. మైనంలో పళ్ళు పేర్చేది మామగారు. చివర్లో గరుకంతా అరగదీసి మెరుగు పెట్టేది నేను. డాక్టర్ల చుట్టూ స్కూటరు మీద తిరిగేది మా ఆయన. కాపురానికి వచ్చిన కొత్తలో, బల్లమీద వరసగా నోళ్ళు తెరుచుకుని ఉన్న ఆ దవడల్ని చూస్తే నాకు ముద్ద దిగేది కాదు. ఇప్పుడు వాటి మధ్యనే టీ కప్పు పెట్టుకుంటున్నాను.

మామగారికి సొంత పన్ను ఒక్కటి కూడా లేదు. నోట్లో ఉన్నవన్నీ ఆయన చేతి పనే. ఊరందరికీ బిగుతుగా కట్టే మనిషి తన పైవరస మాత్రం కాస్త వదులుగా ఉంచుకున్నారు. "సరిచేసుకోవచ్చుగా మామయ్యా, వినలేక చస్తున్నాం" అని నేనెంత పోరినా చెవిన పెట్టలేదు. ఎందుకంటే ఆ వదులుతోనే ఆయన పిల్లిని పిలిచేవారు. పైవరసను నాలుకతో కిందికి జార్చి దవడ బిగిస్తే టక్ టక్‌మని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వినిపిస్తే చాలు, పింగాణి ఏ మూల ఉన్నా, ఎంత నిద్రలో ఉన్నా లేచి వచ్చేసేది.

పింగాణి అంటే మా పిల్లి. ఒకప్పుడు పళ్ళు పింగాణితో చేసేవారట, దీనిదీ ఆ తెలుపే అని మామగారు పెట్టిన పేరు. ఒళ్ళు మాత్రం దిండంత. మా అత్తయ్య పోయాక, ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడని రోజుల్లో, ఎక్కడినుంచి వచ్చిందో దవడ అచ్చులు పోసే ప్లాస్టర్ బస్తాల వెనక చేరింది. ఆయన పనిచేస్తుంటే బల్లమీద దీపం కింద వెచ్చగా పడుకునేది. మొదట్లో దానికీ నాకూ పడేది కాదు. మెరుగుపెట్టిన పళ్ళమీద పిల్లి వెంట్రుకలు కనిపిస్తే ఒళ్ళు మండదూ? కానీ మధ్యాహ్నం నేను కాస్త నడుం వాల్చానంటే చాలు, వచ్చి నా పొట్టమీదెక్కి గురగురలాడుతూ నిద్రపోయేది. దించితే మళ్ళీ ఎక్కేది. అలా అలా అదంటే నాకు ప్రాణమైపోయింది. ఈ మాట మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేను కసురుకోవడమే వాళ్ళు చూశారు.

జబ్బు నోట్లోనే మొదలైంది. మొదట సొంగ కారింది, తర్వాత వాసన. ఆకలితో గిన్నె దగ్గరికి పరిగెత్తేది, ఒక ముక్క నోట కరుచుకునేది, కెవ్వుమని అరిచి గిన్నెనే పంజాతో ఒక్కటిచ్చి పారిపోయేది. కాసేపటికి మళ్ళీ వచ్చేది. తినాలని ఉండీ తినలేక అది గిన్నె చుట్టూ తిరుగుతుంటే చూడలేక నేను పైకి వెళ్ళిపోయేదాన్ని.

పశువుల డాక్టరమ్మ దాని నోరు తెరిచి మాకు చూపించింది. చిగుళ్ళనుంచి గొంతుదాకా ఒకటే పచ్చిపుండు.

"దీని ఒళ్ళు దీని పళ్ళమీదే పగబట్టిందండీ," అంది డాక్టరమ్మ. "మందు వాడినన్నాళ్ళూ తగ్గుతుంది, ఆపితే మళ్ళీ మామూలే. పళ్ళన్నీ తీసేయడం ఒక్కటే దారి."

"అన్నీనా?" అన్నాను.

"అన్నీ. భయపడకండి. పిల్లి నమిలేదేముంది, మింగడమేగా. నొప్పి పోయాక ఇప్పటికంటే సుఖంగా తింటుంది. పళ్ళు లేకుండా ఏళ్ళకేళ్ళు దర్జాగా బతికిన పిల్లుల్ని బోలెడు చూశాను."

ఆ మాట నేను గట్టిగా పట్టుకున్నాను. మళ్ళీ అది కడుపునిండా తిని నా పొట్టమీద నిద్రపోతే చాలు, ఇంకేం వద్దనుకున్నాను.

ఈ కబురు ఊళ్ళో పళ్ళ డాక్టర్లందరికీ మోసింది మా ఆయనే. ఇక చూడండి వేళాకోళం. ఒకాయన పనిగట్టుకుని ఫోన్ చేసి, "మేస్త్రిగారూ, ఇంట్లోనే పేషెంటు తయారైందటగా! అచ్చు ఎప్పుడు తీస్తున్నారు?" అన్నాడు.

"తీద్దును. వేలు కొరికితే మీరు కుట్లేస్తారా?" అన్నారు మామగారు.

ఫోన్ పెట్టేశాక కూడా ఆయన నవ్వుతూనే ఉన్నారు. దిగులన్నదే లేదు. పళ్ళు పోయిన నోరు ఆయనకి కొత్తా ఏమైనా? "నువ్వేం బెంగపెట్టుకోకమ్మాయ్. దీని సంగతి నాకొదిలెయ్," అన్నారు. ఆయన అంత ధీమాగా అంటే నాకూ ధైర్యంగానే ఉంది.

ఆపరేషన్ రోజున దాన్ని తీసుకెళ్ళిందీ, తిరిగి తీసుకొచ్చిందీ ఆయనే. పాటలు పాడే ఆవిడెవరిదో ఒక సెట్టు ఆ రోజే పూర్తిచేసి పంపాల్సి రావడంతో నేను బల్ల దగ్గరనుంచి కదల్లేకపోయాను. వచ్చాక బుట్ట మూత తీసి చూస్తే, లోపల వేరే పిల్లి ఉన్నట్టుంది. మూతి లోపలికి పోయింది. నాలుక కొస బయటే ఉండిపోయింది, లోపల ఆపడానికి పళ్ళు లేవుగా మరి. నన్ను చూసి మూలిగింది. దాని తల నిమురుతూ అడిగాను.

"డాక్టరమ్మ ఏమంది మామయ్యా?"

"మెత్తగా చేసి పెట్టమంది. కొన్ని పిల్లులు తినడానికి కాస్త టైం తీసుకుంటాయంది."

"అంతేనా? ఇంకేం చెప్పలేదా?"

"నోటి సంగతి ఆవిడ నాకు చెప్పేదేముందమ్మాయ్!"

చేప ఉడికించి, ముళ్ళు ఏరి, గుజ్జులా మెదిపి గోరువెచ్చగా దాని ముక్కు దగ్గర పెట్టాను. మొహం తిప్పేసుకుంది. కోడిమాంసం ఉడికించిన నీళ్ళు పెట్టాను. అదీ అంతే. నొప్పి తగ్గే చుక్కలు మాత్రం బుగ్గలో వేయనిచ్చింది.

మర్నాడు నేను ఊరుకోలేదు. డాక్టరమ్మ మందులతోపాటు సూది లేని సిరంజి ఒకటి ఇచ్చి పంపింది. చేపగుజ్జు పల్చగా చేసి అందులోకి ఎక్కించి, పింగాణిని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. పెదవి పక్కనుంచి కొంచెం వదిలానో లేదో గిలగిల కొట్టుకుంది. గుజ్జంతా నా ఒళ్ళోనే పడింది. తువ్వాలుమీద ఒక్క నెత్తురు చుక్క. ఆ చుక్క కాస్తా మామగారి కంటపడింది.

ఆయన నామీద ఏనాడూ గొంతు పెంచి ఎరగరు. ఆ రోజు వర్క్‌షాపు దద్దరిల్లేలా అరిచారు. "పచ్చి చిగుళ్ళమీద పొడుస్తావా! బుద్ధుందా నీకు? ఇన్నేళ్ళు ఈ పనిలో ఉండి నేర్చుకున్నది ఇదా?" అని నా చేతిలోంచి సిరంజి లాక్కుని, బల్ల సొరుగులో పడేసి తాళం వేసేశారు. నాకు తల కొట్టేసినట్టయింది. పాపం, పిల్లి కూడా ఆ అరుపుకి బెదిరి బస్తాల వెనక్కి దూరింది.

కాస్త చల్లబడ్డాక ఆయనే వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆయన పళ్ళన్నీ తీయించుకున్నప్పుడు, ఏమీ తినడం లేదని అత్తయ్య ఆగలేక చెంచాతో బలవంతంగా నోట్లో కుక్కిందట. కుట్లు తెగి, చీము పట్టి, నెల్లాళ్ళు నరకం చూశారట.

"ఆవిడది ప్రేమే, కాదన్ను. నాకు మాత్రం ప్రాణం పోయినంత పనైంది. అప్పట్నుంచి నేనందరికీ ఒకటే చెప్తున్నా. పళ్ళు తీసిన నోటి జోలికి పోవద్దు. దాని మానాన దాన్నొదిలేస్తే ఆకలే నోరు తెరిపిస్తుంది. తెరిపించని నోరు నేనింతవరకూ చూళ్ళేదు."

నిజమే, చూడలేదు. ఆయన చూసినవన్నీ మనుషుల నోళ్ళు. పళ్ళు తీయించుకున్న వాళ్ళ పిల్లలు కంగారుపడుతూ ఫోన్ చేస్తే మా ఆయన కూడా ఈ పాఠమే అప్పజెప్పేవారు. వారం తిరక్కుండా ఆ పేషెంట్లు గిన్నెలు ఖాళీ చేసేవాళ్ళు. మా వర్క్‌షాపులో ఆ మాటకి తిరుగులేదు.

ఆ తర్వాత రోజూ ఇదే తంతు. "ఏమైనా తిందా మామయ్యా?" అని నేనడిగితే "నాకింది" అనేవారు. అబద్ధమూ కాదు. ఆయన టక్ టక్‌మనిపించేవారు. అది మెల్లగా వచ్చేది, గిన్నెమీదికి వంగేది, ఒక్కసారి నాలుక తగిలించి ఆగిపోయేది. తర్వాత గిన్నెకేసి చూస్తూ కూర్చునేది. ఆ నాలుక తగలడాన్నే ఆయన తిండి కింద జమకట్టేశారు.

"చూశావా, దారికొస్తోంది," అని నాకు ధైర్యం చెప్పేవారు.

మా ఆయన్ని అడిగితే, "నాన్నకి తెలీదా ఏంటి? నీకన్నీ తొందరే," అన్నారు. నాకు ముక్కుమీదుంటుంది కోపం, కాదనను. కానీ ఇంట్లో ఉన్న ఇద్దరూ ఒకే మాటమీద నిలబడి నీదే తొందర అంటుంటే, మన కోపంమీద మనకే అనుమానం వస్తుంది. పళ్ళు నూరుకుంటూ మెరుగు చక్రం ముందు కూర్చునేదాన్ని.

కొన్నాళ్ళకి పిలిచినా రావడం మానేసింది. నేను పళ్ళ సెట్లు అరగదీస్తుంటే చిగుళ్ళ రంగు పొడి లేస్తుంది, గులాబీ రంగులో. ఇదివరకు ఆ పొడి కాస్త ఒంటిమీద పడితే చాలు, పింగాణి పొద్దస్తమానం నాక్కుంటూ కూర్చునేది. ఇప్పుడు బస్తాల వెనక దాని వీపంతా ఆ పొడి పేరుకుని ఉంది. దులపడం లేదు, నాక్కోవడం లేదు. నేను చేత్తో తుడిస్తే కళ్ళు కూడా తెరవలేదు. వేళ్ళకి వెన్నుపూసలు తగిలాయి.

నొప్పి చుక్కలు అయిపోయాయి. కొత్త సీసా కోసం ఈసారి నేనే వెళ్ళాను. డాక్టరమ్మ ఏదో కుక్క గోళ్ళు కత్తిరిస్తోంది. నన్ను చూసి నవ్వింది.

"ఎలా ఉంది మీ బోసినోటి మహారాణి? బాగా తింటోందా?"

"నాకుతోందండీ."

ఆవిడ చేతిలో కత్తెర ఆగిపోయింది. "నాకడమేంటి? ఆపరేషన్ అయ్యాక ఒక్కసారైనా కడుపునిండా తిన్నదా లేదా?"

"లేదండీ. టైం పడుతుందన్నారటగా మీరు."

"టైం పడుతుందన్నాను. రెండు రోజులు దాటినా తినకపోతే మాత్రం ఒక్క క్షణం ఆగకుండా తీసుకురమ్మన్నాను. అది లావు పిల్లి. తిండి ఆగిందంటే ఒంట్లో కొవ్వంతా వెళ్ళి కాలేయానికి పడుతుంది. మనుషుల్లా పస్తులుండలేవండీ పిల్లులు. ఈలోగా పట్టించండని సిరంజి కూడా ఇచ్చాను. మీ మామగారికి ఒకటికి రెండుసార్లు చెప్పాను. అన్నిటికీ సరే సరే అన్నారే!"

చేతిలోని ఖాళీ మందుసీసా బల్లమీద పెట్టేశాను.

"ముందు చిగుళ్ళు చూడండి," అంది డాక్టరమ్మ. "పసుప్పచ్చగా మారాయేమో చూసి వెంటనే తెచ్చేయండి. వెళ్ళండి, నిలబడకండి!"

ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలీదు. తిన్నగా బస్తాల వెనక్కి వెళ్ళి పింగాణిని ఎత్తాను. ఖాళీ సంచీ లేచినట్టు లేచింది. మామగారు బల్ల దగ్గర ఎవరివో పళ్ళు మైనంలో పేరుస్తున్నారు. ఆయన ముందున్నవన్నీ ఒక్క చేత్తో పక్కకి తోసేసి పిల్లిని దీపం కింద పెట్టాను. మైనం పలక కిందపడింది.

"ఏంటమ్మాయ్ ఇదీ..."

"సొరుగు తాళంచెవి ఇవ్వండి."

"ఎందుకూ?"

"ఇవ్వండి ముందు!"

ఇచ్చారు. సొరుగులో సిరంజి అలాగే పడి ఉంది. దాని పక్కనే చిగుళ్ళ రంగుల గుత్తి. పేషెంటు చిగురు ఏ రంగో చూసి, పళ్ళు నిలిపే పలక ఆ రంగులోనే చేయాలి కదా, దానికోసం చిన్న చిన్న నమూనా ముక్కలు ఒక రింగుకి గుచ్చి ఉంచుకుంటాం. లేత గులాబీ మొదలుకొని గోధుమ, నేరేడు రంగులదాకా అన్నీ ఉంటాయి. ఆ గుత్తి తీసి ఆయన ముందు విసిరాను.

"రెండు రోజులు దాటితే తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పిందా లేదా?"

ఆయన కిందపడ్డ మైనం పలక తీసి బల్లమీద పెట్టారు. "చెప్పింది. డాక్టర్లన్నాక అలాగే భయపెడతారు. నా పళ్ళప్పుడూ అలాగే బెదరగొట్టారు. నలభై ఏళ్ళనుంచి నోళ్ళు చూస్తున్నానమ్మాయ్..."

"అయితే ఈ నోరు కూడా చూడండి! ఇందులో దీని రంగేదో చెప్పండి!"

పింగాణి పెదవి పైకెత్తి పట్టుకున్నాను. ఆయన భూతద్దం కళ్ళజోడు పెట్టుకున్నారు. చేతికి అలవాటైన పని కదా, గుత్తి తీసుకుని ఒక ముక్క చిగురు పక్కన పెట్టారు. కలవలేదు. ఇంకోటి పెట్టారు. మొదలుపెట్టిన పని మధ్యలో వదిలే మనిషి కాదు, చివరి ముక్కదాకా పెట్టి చూశారు. దీపం వెలుగు అలా ఉందేమోనని దీపాన్ని పక్కకి జరిపి, దాని తలను కిటికీవైపు తిప్పి చూశారు. చిగురు పసుప్పచ్చగానే ఉంది. చెవి లోపల కూడా అదే రంగు.

"ఇలాంటి చిగురు ఉండదమ్మాయ్," అన్నారు.

"ఉండదు. మీరు చేశారు," అన్నాను.

మా ఆయన అప్పుడే గుమ్మంలోకి వచ్చి ఆ మాట విన్నారు. పెద్దాయన్ని అనాల్సిన మాట కాదని ఆ తర్వాత నాతో అన్నారు. కాదనే ఒప్పుకుంటాను. కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు, తీసుకోను.

డాక్టరమ్మ మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. పింగాణి మెడ పక్కన చిన్న గాటు పెట్టి, తిండి నేరుగా కడుపులోకి పోయేలా సన్నటి గొట్టం వేసింది. ఇక నోటితో పని లేదు. పల్చటి గుజ్జు సిరంజితో ఆ గొట్టంలోకి కొద్దికొద్దిగా ఎక్కించాలి, తొందరపడితే కక్కేస్తుంది. "బతుకుతుందా?" అని అడిగాను. "చాలానే బతుకుతాయి. మీరు ఇంకాస్త ముందు తెచ్చుంటే గట్టిగా చెప్పేదాన్ని," అంది. మామగారు నేలకేసి చూస్తూ నిలబడ్డారు.

దానికి తిండి నేనే పెడదామనుకున్నాను. కానీ సిరంజి పట్టుకుంటే నా చేతులు వణికేవి, కోపమో భయమో నాకే తెలీదు. ఆయన చేతులు వణకవు. మిల్లీమీటరు తేడా రాకుండా పళ్ళు పేర్చిన చేతులవి. "నాకివ్వమ్మాయ్," అన్నారు. ఇచ్చాను. ఇష్టం లేకుండానే ఇచ్చాను.

అప్పట్నుంచి ఆయనకి వేరే పని లేదు. డాక్టర్ల ఆర్డర్లు అలాగే పడి ఉన్నాయి, మా ఆయన అందరికీ సర్దిచెప్పుకుంటూ తిరిగారు. మామగారు పింగాణిని దీపం కింద పడుకోబెట్టి, పక్కన స్టూలు వేసుకుని, గుజ్జు వేడి తన మణికట్టుమీద చూసుకుని, బొట్టుబొట్టుగా ఎక్కించేవారు. మధ్యలో దాని వీపుమీది గులాబీ పొడి తడిగుడ్డతో తుడిచేవారు. నోరు మాత్రం బిగించుకుని ఉండేవారు, పళ్ళ చప్పుడు రాకుండా. పిలిచే మొహం లేదు ఆయనకి.

ఒక రోజు మాత్రం ఉండబట్టలేకపోయారు. గుజ్జు పెట్టడం అయిపోయాక, చాలా మెల్లగా, టక్ టక్‌మనిపించారు. పింగాణి కళ్ళు తెరవలేదు కానీ చెవి ఆయనవైపు తిరిగింది. ఆయన తలెత్తి నావైపు చూశారు. ఆ చూపులో ఆశ చూసి నాకు మండుకొచ్చింది. నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది, అందుకే మండుకొచ్చింది. ఆ వారం డాక్టరమ్మ కూడా, చెవుల్లో పసుపు కాస్త తగ్గిందనే చెప్పింది.

తర్వాత మళ్ళీ కక్కడం మొదలైంది. ఎంత ఎక్కిస్తే అంతా వెనక్కి వచ్చేది. డాక్టరమ్మ మందు మార్చింది, సూదులు వేసింది. ఒక మధ్యాహ్నం నేను పైన కాసేపు పడుకుని కిందికి వచ్చేసరికి, మామగారు సిరంజి పట్టుకుని అలాగే కూర్చుని ఉన్నారు. గొట్టంలో గుజ్జు సగంలో ఆగిపోయింది.

"దిగడం లేదమ్మాయ్," అన్నారు.

నేను దాని పొట్టమీద చెయ్యి పెట్టి చూశాను. దీపం వేడికి పైపైన వెచ్చగానే ఉంది.

"ఇక దిగదు మామయ్యా."

ఆయన సిరంజి పక్కన పెట్టారు. వేలితో దాని పెదవి పైకెత్తి చూశారు. నేనూ చూశాను. పళ్ళు తీసిన చోట్లన్నీ చక్కగా పూడుకుపోయి, ఎక్కడా పుండన్నది లేకుండా నున్నగా ఉంది నోరు. ఏ నోటికోసమైతే ఇంత చేశామో ఆ నోరు పూర్తిగా మానిపోయింది. నేను అక్కడే కిందకి కూలబడి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చాను. పెళ్ళయినప్పట్నుంచీ ఆ ఇంట్లో నేను అలా ఏడవడం అదే మొదలు.

మా ఆయన పెరట్లో గొయ్యి తీశారు. మామగారు బయటికి రాలేదు.

ఆ మర్నాడు ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. మామగారు ముద్ద నోట్లో పెట్టుకుని నమిలారు. టక్ టక్. ముగ్గురం ఒకేసారి గుమ్మంవైపు చూశాం. ఎవరూ రాలేదు. ఆయన నమలడం ఆపేసి, లేచి వెళ్ళి నోట్లోది ఉమ్మేసి, పైవరస, కిందివరస రెండూ తీసి నీళ్ళగ్లాసులో పడేశారు. ఆ తర్వాత మళ్ళీ వాటిని పెట్టుకోలేదు.

మెత్తనివి తింటారులే అనుకున్నాను. నేనైతే ఆయనతో మాట మానేశాను. పళ్ళెం ముందు పెట్టేసి నా దారిన నేను పోయేదాన్ని. తిరిగొచ్చి చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉండేది. చెంచా కొస మాత్రం తడిసేది. ఉతికిన చొక్కా వేసుకుంటే ఆయన భుజాలమీద నిలవడం లేదు, జారిపోతోంది. బుగ్గలు లోపలికి పోయాయి. కింద దీపం వెలిగించుకుని, ఖాళీ బల్ల ముందు కూర్చునేవారు. చూస్తూ కూడా నేను బిగుసుకునే ఉన్నాను. నా పిల్లిని చంపిన మనిషికి నేనెందుకు బతిమాలి పెట్టాలి? అలా అనుకున్నాను, దాచడం ఎందుకు.

ఒకరోజు తినకుండా వదిలేసిన పళ్ళెం నేను తీస్తుంటే మా ఆయన చూసి, జాలిగానే అన్నారు. "ఆయన్ని కదపకు. దిగులు కదా, కొన్నాళ్ళు అలాగే ఉంటుంది. వదిలెయ్. ఆకలేస్తే ఆయనే తింటారు."

పళ్ళెం నా చేతిలోంచి జారి పడింది.

"ఏమన్నారు?"

"అదే, ఆకలేస్తే..."

"మళ్ళీ అనండి ఆ మాట! అనండి, వింటాను! ఒకదాన్ని పూడ్చిపెట్టి వచ్చాం ఈ మాట పట్టుకుని. చాల్లేదా మీకు?"

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. తండ్రి మాటే తన నోటివెంట వచ్చిందని అప్పటిగ్గానీ ఆయనకి తెలిసినట్టు లేదు. పళ్ళెం ముక్కలు ఏరడానికి కింద కూర్చుండిపోయారు.

నేను అన్నం మెత్తగా ఉడికించాను. చేప ముళ్ళు ఏరి అందులో వేసి మెదిపాను. వేడి నా మణికట్టుమీద చూసుకున్నాను. గిన్నె పట్టుకుని కిందికి దిగాను. మామగారు బల్ల ముందే ఉన్నారు. స్టూలు లాక్కుని ఆయన మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాను.

"నోరు తెరవండి."

"సయించడం లేదమ్మాయ్. ఒద్దు." పళ్ళు లేని నోట్లోంచి మాట గాలిగా వచ్చింది.

"సయిస్తుందా అని నేనడిగానా? నోరు తెరవండి."

"నన్నొదిలెయ్..."

"వదలను. వదిలేస్తే ఏమవుతుందో చూశాను. మీమీద నాకు కోపం పోలేదు మామయ్యా. పోతుందని ఆశ కూడా పెట్టుకోకండి. మీరు బాధపడుతున్నారని పెట్టడం లేదు, నన్ను మెచ్చుకుంటారని పెట్టడం లేదు. గుచ్చుకుంటే గుచ్చుకోనివ్వండి, నెత్తురొస్తే రానివ్వండి. తెరవండి."

చెంచా ఆయన పెదాలకి ఆనించి పట్టుకున్నాను. చెయ్యి లాగేస్తున్నా దించలేదు. మా ఇద్దరి మధ్యా బల్లమీద దీపం వెలుగుతోంది. దాని కింద ఏమీ లేదు. చాలాసేపటికి ఆయన నోరు తెరిచారు. నాకు తెలీకుండానే ముందు చిగుళ్ళ రంగు చూశాను. లేత గులాబీ రంగు. చెంచా లోపలికి పెట్టాను.

ఆయన నాలుకతో అటూ ఇటూ తిప్పి, కష్టపడి మింగారు. కళ్ళల్లోంచి నీళ్ళు కారి గడ్డందాకా వచ్చాయి. తుడుచుకోలేదు.

"దానిక్కూడా నువ్విలా పెట్టుంటే..." అన్నారు.

"పెట్టనిచ్చారా మీరు?" అన్నాను.

ఆయన లేదన్నట్టు తల ఊపారు. నేను ఇంకో చెంచా తీశాను. చెప్పకుండానే ఆయన నోరు తెరిచారు.